నాటు పాట, సాంచాల చప్పుడు

మేము మల్లాపూర్ దగ్గరి మా ఊరు విడిచి జగిత్యాలకు వచ్చిన ఏడే నేను డిగ్రీలో చేరాను. మా పొలంలో ఎర్రజెండాలు పాతి, అందులో ఎవరూ నాగలి కట్టవద్దని ఊళ్ళో చాటింపు వేయించారు అన్నలు. నక్సలైట్లను మా దగ్గర అందరూ అన్నలనే అనేవారు, వాళ్ళంటే భయపడేవాళ్ళు కూడా. చుట్టుపక్కల దొరల కుటుంబాలు ఒక్కొక్కటే పట్నం దారి పడుతుంటే బాపు కూడా మా పెద్దిల్లు గడీకి తాళం వేసి, జగిత్యాలలో ఒక డాబా ఇల్లు కిరాయికి తీసుకున్నాడు.

ఆ ఇంట్లో అందరం చెవులతోనే బతికాం. వీధిలో మోటారు సైకిలు ఆగితే బాపు చేతిలోని పేపరు కిందికి దిగేది. జీపు చప్పుడైతే అమ్మ రేడియో తగ్గించేది. ఎవరింటికి వచ్చారో తెలిసేదాకా అన్నం కలిపిన చెయ్యి కంచంలో అలాగే ఉండేది. పోలీసులతో మనకేం భయం అని నేనొకసారి అడిగితే, "వీళ్ళు మనింటికొచ్చి చాయి తాగిపోతే, వాళ్ళకు మనం మల్ల యాదికొస్తం బిడ్డా" అంది అమ్మ.

మా ఇంటి వెనక సందులో గోడనీడన ఆడవాళ్ళు బీడీలు చేసేవారు. ఒళ్ళో చాట, చాటలో తునికాకు, తంబాకు. వాళ్ళలో ఒకామె పాడేది. నాకన్నా పదేళ్ళు పెద్దదై ఉంటుంది. మేడిపల్లి నుంచి వచ్చిన కల్లుగీత కుటుంబం వాళ్ళది. భర్త తాడిచెట్టు మీది నుంచి పడి నడుము విరిగితే, చెట్టెక్కే పని పోయి, ఆమె బీడీల మీదనే ఇల్లు నడుస్తోంది. ఆమె గొంతు సన్నగా, తీగలా పైకి సాగేది. నాట్లప్పుడు పాడే పాటలు, కలుపు పాటలు, అప్పగింతల పాటలు. మా పొలంలో చిన్నప్పుడు దూరం నుంచి విన్నవే చాలా ఉన్నాయి వాటిలో.

ఒకనాడు డాబా మీద బట్టలు ఆరేస్తూ నేనూ గొంతు కలిపాను. ఆమె ఎత్తు నాకు అందదు. నాది చిన్నప్పటి నుంచీ బండగొంతు. బడిలో ప్రార్థనకు నన్ను వెనక వరుసలో నిలబెట్టి, మెల్లగా పాడమనేవారు. అందుకని ఆమె పాట పక్కనే, కిందుగా, నాకు అందిన చోట నడిచాను. ఆమె పైకి పోతే నేను ఒకచోట ఆగాను. ఆమె దిగుతుంటే నేను ఎదురుపోయాను. కింద బీడీలు చుట్టే చేతులు ఆగిపోయాయి.

"ఎవలదే గా గొంతు?" అని తలెత్తింది ఆమె. నన్ను చూసి చాట పక్కన పెట్టి లేవబోయింది. "అయ్యో దొర్సానీ, మీరా! నా పాట కిందికెల్లి అచ్చిందేంది మీ పాట?"

"పైకి నాకు అందది" అన్నాను.

ఆమె నవ్వింది. "మంచిగున్నది. గట్లనే పాడు మల్ల. ఆపకు."

నన్ను నువ్వు అనడం అదే మొదలు. తర్వాత దొర్సాని అన్న మాట కూడా పోయింది. నేను అక్కా అన్నాను, ఆమె చెల్లె అంది. కాలేజీ నుంచి రాగానే డాబా ఎక్కేదాన్ని. అమ్మకు అంతా తెలుసు. "పొలంల పాటలు ఇంట్ల పాడితే బాపుకు మంచిగనిపియ్యది. మీదనే పాడుకో" అని మాత్రం అంది.

అక్క తమ్ముడు అప్పుడే దుబాయి నుంచి వచ్చి కోరుట్లలో సైకిల్ షాపు మీది గదిలో టేపు రికార్డర్లు బాగుచేసే దుకాణం పెట్టాడు. దుబాయిలో అతను ఒక హోటల్లో మైకులు, లైట్లు చూసుకునేవాడు. అక్కడ రోజూ సాయంత్రం పాడే ఫిలిప్పీన్స్ వాళ్ళు ముగ్గురు ఒకే పాటను మూడు దారుల్లో పాడేవారట. ఆ ధ్యాస అతన్ని వదల్లేదు. వస్తూ వస్తూ ఒక కీబోర్డు, గొంతును గుహలో అరిచినట్టు తిప్పి తిప్పి వినిపించే ఎకో పెట్టె, రెండు క్యాసెట్లు పట్టే రికార్డరు మోసుకొచ్చాడు. అక్కను చూడటానికి వచ్చినప్పుడు సందులో నిలబడి మా పాట విన్నాడు.

"అక్కా, గిట్ల పాడేటోళ్ళను ఇనెతందుకు నేను గోడ సాటున గంటలు గంటలు నిలవడ్డ దుబాయిల. మీరు గీడ బీడీలు చేసుకుంట పాడుతున్నరా!" అన్నాడు. వెంటనే కోరుట్లకు రమ్మన్నాడు. అతనికి ఏదైనా వెంటనే కావాలి. నిలబడి మాట్లాడుతున్నా కాళ్ళు ఒకచోట ఉండేవి కావు.

కోరుట్లలో మా చిన్నమ్మ ఉండేది. ఆమె ఇంటికి పోతున్నానని బాపుకు చెప్పి బస్సెక్కేదాన్ని. పోయి, ఒక గ్లాసు నీళ్ళు తాగి, దుకాణానికి వచ్చేదాన్ని. అక్క విడిగా వచ్చేది. గది కిటికీలకు పాత బొంతలు కట్టి, బయటి హారన్లు వినపడకుండా చేశాడు అతను. ఆ ఉక్కలో ముగ్గురం చెమటలు కక్కుతూ కూర్చునేవాళ్ళం.

మొదట ఎత్తుకున్నది అక్క వాళ్ళ అవ్వ పాడిన నాటు పాట.

మొగులు వంగిందో వదినా, నడుము వంగిందో
వంగిన నడుముకు వరుస దొరికిందో
గట్టు మీది గొడుగుకు ఎండ తెల్వదో
గొడుగు కింది నీడకు మన పేర్లు తెల్వవో

అతను కీబోర్డు మీద ఒక మీట నొక్కి పట్టుకున్నాడు. లోతైన, కదలని ఒక స్వరం గదినిండా పరుచుకుంది. అక్క పాట ఆపేసింది. "ఏందిరా గిది? నా పాట కింద ఈగ మోగినట్టు!" అంది. అతను మీట మార్చాడు, మళ్ళీ మార్చాడు. చివరికి నా గొంతుకు దగ్గరగా ఉన్న ఒక శ్రుతి దొరికింది. దాని మీద నేను నిలబడితే, నా మీద అక్క నిలబడింది. తర్వాత అతను ఎకో పెట్టె కలిపి, మేం పాడింది మాకే వినిపించాడు. రెండు గొంతులు పొలమంత మందిలా వినబడ్డాయి. వెనక ఎక్కడో వరుస చివర నుంచి ఇంకెవరో అందుకుంటున్నట్టుంది. అక్క చేతులు ముడుచుకుని కూర్చుంది. "మా అవ్వ గూడ పాడుతున్నది ఇండ్ల" అని, కొంగుతో మొఖం తుడుచుకుంది. అవ్వ పోయి అప్పటికి చాలా ఏళ్ళు.

తాళం దగ్గర మాత్రం పెద్ద గొడవైంది. కీబోర్డులో దానంతట అదే కొట్టే డోలు ఉంది. అది ఒక్క తీరుగా కొడుతూ పోతుంది. నాటు పాట అలా పోదు. వరుస ముగిసి కొత్త నారు కట్ట అందుకునేటప్పుడు పాట కొంచెం ఆగి, మళ్ళీ వంగుతుంది. "అది నన్ను ఉరికిస్తున్నది. నేనేమన్న బస్సుకు పోతున్ననా?" అని అక్క కోపం. "దెబ్బ లేకపోతే ఎవలింటరు అక్కా?" అని అతని తిక్క. రెండు వారాలు అక్కాతమ్ముళ్ళు సరిగా మాట్లాడుకోలేదు.

దారి చూపింది సిరిసిల్ల. అక్క ఆడబిడ్డ అక్కడ ఉండేది. ఆమె ఇంటి పక్కనే మరమగ్గాల షెడ్డు. సాంచాలు అంటారు అక్కడ. ఆమె ఇంట్లో పడుకుంటే గోడలు కూడా ఊగుతాయని, ఆ చప్పుడుకు పిల్లలు నిద్రపోతారని అక్క ఒకసారి మాటల్లో చెప్పింది. అతను లేచి నిలబడ్డాడు. "పోదాం. గా సప్పుడు పట్టుకొద్దాం."

ముగ్గురం పోయాం. షెడ్డులో సాంచాలు వరుసగా ఆడుతున్నాయి. మాట వినబడదు, సైగలే. నేత కార్మికుడొకాయన మమ్మల్ని చూసి, సినిమా వాళ్ళనుకుని జుట్టు దువ్వుకున్నాడు. అక్క తమ్ముడు బ్యాటరీల మీద నడిచే రికార్డరు పట్టుకుని ఒక్కో సాంచా దగ్గర కూర్చున్నాడు. దేని నడక దానిదే. ఒకటి కుంటుతుంది, ఒకటి ఊపిరి తీసుకుంటుంది. అంతలో కరెంటు పోయింది. అన్నీ ఒక్కసారి కాకుండా ఒకదాని వెనక ఒకటి మెల్లగా నిలిచిపోయాయి. ఆ నిలిచిపోవడం కూడా టేపులో పడింది. అతని మొఖం వెలిగిపోయింది.

తిరుగు దారిలో బస్సును పోలీసులు ఆపారు. అది మామూలే. అందరం దిగి వరుసగా నిలబడ్డాం. సంచిలో రికార్డరు, క్యాసెట్లు చూడగానే మా ముగ్గురినీ పక్కకు తీసి, దగ్గరి ఠాణాకు తోలుకుపోయారు. ఆ రోజుల్లో పాటంటేనే అనుమానం. అన్నల పాటలు క్యాసెట్లలో ఊరూరా తిరిగేవి.

ఎస్సై కోస్తా వైపు మనిషి. మొదటి క్యాసెట్టు పెట్టి కొంచెం విన్నాడు. "ఏం పాటలు ఇవి?" అన్నాడు.

"నాటు పాటలు సార్" అన్నాడు అక్క తమ్ముడు.

"నాటు బాంబుల పాటలా?"

కానిస్టేబుళ్ళు నవ్వారు. ఎస్సై నవ్వలేదు. రెండో క్యాసెట్టు పెట్టాడు. సాంచాల చప్పుడు. "ఇదేం మిషను? ఎక్కడ పెట్టారు? ఏం అచ్చు వేస్తున్నారు?" అని అడిగాడు. అక్క తమ్ముడు నేత అంటున్నా వినకుండా ఒక కానిస్టేబుల్ అతని చెంప మీద కొట్టాడు. అక్క అడ్డం పోయింది. ఆమెను కూడా నెట్టేశారు.

అప్పుడు ఎస్సై నన్ను ఏ ఊరు, ఎవరి బిడ్డవు అని అడిగాడు. చెప్పాను. అతని గొంతు మారిపోయింది. "అమ్మాయిగారికి కుర్చీ వేయండి. వాళ్ళ నాన్నగారికి కబురు పంపండి."

కుర్చీ వచ్చింది. వాళ్ళిద్దరూ గోడ వారగా నేల మీద ఉన్నారు. నేను నిలబడే ఉన్నాను. కూర్చుంటే ఏదో తెగిపోతుందనిపించింది. అక్క నా వైపు చూడకుండా, పెదాలు కదలకుండా అంది: "కూసోయే. నువ్వు కూసుంటెనే వానికి దెబ్బలు తక్కువ వడ్తయి."

కూర్చున్నాను. జీవితంలో నేను కూర్చున్న అన్ని చోట్లలోకీ గట్టి చోటు అది.

మధ్యాహ్నం దాటాక బాపు జీపు కిరాయికి కట్టుకుని వచ్చాడు. ఎస్సై ఆయనకు చాయి తెప్పించి, మొదటి క్యాసెట్టు మళ్ళీ పెట్టాడు. గొడుగు చరణం వచ్చింది. అక్క గొంతు పైన, నాది కింద. ఎకోలో అది మూడు నాలుగు సార్లు తిరిగింది. పేర్లు తెల్వవో, తెల్వవో. బాపు నాట్లప్పుడు గట్టు మీద నల్లగొడుగు వేసుకుని నిలబడేవాడు. నేను పక్కన ఆడుకునేదాన్ని.

"ఈ గొడుగు ఎవరిదంటారు?" అన్నాడు ఎస్సై నవ్వుతూ.

బాపు చాయి ముట్టుకోలేదు. "నాదే అనుకోండ్రి. మా పొలంల పాడిన పాటే గది. నాకెర్కలేంది గాదు. గా పిలగాన్ని ఇడిసిపెట్టుండ్రి" అన్నాడు.

విడిచిపెట్టారు. పాటల క్యాసెట్టు మాత్రం ఠాణాలోనే ఉంచుకున్నారు. చప్పుడు క్యాసెట్టు ఎవరికీ పనికిరాదని మా వైపు విసిరేశారు.

జీపులో బాపు రోడ్డు వైపే చూస్తూ, "గొడుగు ముచ్చట నీకు ముందే ఎర్కనా?" అన్నాడు.

"పాడినప్పుడు ఎర్కైంది బాపూ."

"గయినా పాడినవ్."

ఇంటికి రాగానే కోరుట్ల పోవడం బంద్ అన్నాడు. డాబా మెట్ల తలుపుకు గొళ్ళెం పడింది. కాలేజీకి, ఇంటికి అంతే. సందులో అక్క పాట కూడా ఆగిపోయింది. ఏ చప్పుడుకైనా ఉలిక్కిపడే ఇంట్లో, వినిపించని ఆ గొంతు కోసం నేను చెవులు రిక్కించుకుని తిరిగాను. చదువు మీద మనసు నిలవలేదు. అన్నం సగంలో లేచిపోయేదాన్ని.

ఒక ఆదివారం పొద్దున అక్క ముందు గేటు నుంచి వచ్చింది. అంతకుముందు ఎప్పుడూ ఆమె ఆ వైపు రాలేదు. బాపు వరండాలో ఉన్నాడు. ఆమె కింది మెట్టు దగ్గర నిలబడింది.

"దొరా, పాట మల్ల పాడాలె. మా తమ్ముడు పాడుమంటున్నడు. నా ఒక్కదానితోని అయితలేదు. మీ బిడ్డ గొంతు గావాలె."

బాపు ఆమెను తేరిపార చూశాడు. "గొడుగు ముచ్చట తీసేస్తే పంపుత."

"అది తీసేస్తే మా అవ్వ పాట గాదు దొరా. నాకు తీసుడు రాదు."

బాపు ఏదో అనబోయాడు. అంతలో వీధిలో మోటారు సైకిలు చప్పుడు దగ్గరపడింది. ఆయన మాట ఆపి వింటూ నిలబడ్డాడు. బండి మా గేటు దాటి ముందుకు పోయింది. అప్పటికే ఆయన ముఖం అలిసిపోయింది. లోపలికి పోయి మంచం మీద కూర్చున్నాడు. అమ్మ వంటింట్లో నుంచి వచ్చి నా భుజం మీద చున్నీ సర్ది, "పో" అంది. బాపు పొమ్మనలేదు, వద్దనలేదు. ఆ తర్వాత కూడా ఎప్పుడూ ఆ సంగతి ఎత్తలేదు.

కోరుట్ల గదిలో అక్క తమ్ముడు ఈలోగా ఒక కొత్త పని చేశాడు. సాంచాల క్యాసెట్టును అయిపోవచ్చిన బ్యాటరీల మీద నడిపితే టేపు మెల్లగా తిరిగి, ఆ టకటక లోతైన దెబ్బగా మారింది. పెద్ద జంతువేదో నడిచినట్టు. కుంటి సాంచా నడకనే తాళంగా తీసుకున్నాడు. అది ఎక్కడో ఒకచోట తడబడేది. అక్క సరిగ్గా అక్కడే ఊపిరి తీసుకునేది. "గిప్పుడు మంచిగున్నది. గిది మనిషి లెక్క కొడుతున్నది" అంది. అక్కాతమ్ముళ్ళ గొడవ అక్కడితో తీరింది. మొదటి క్యాసెట్టు పోవడమే మంచిదైందని అతను అంటే, అతని చెంప వైపు చూసి నేను నవ్వలేకపోయాను.

పని చివరికి వచ్చిన రోజున ఒక సన్నటి మనిషి రేడియో పట్టుకుని పైకి వచ్చాడు. లుంగీ, మాసిన అంగీ. రేడియో బాగానే ఉంది. దాన్ని బల్ల మీద పెట్టి, "పాట వెట్టు" అన్నాడు. అతనెవరో చెప్పలేదు, మేం అడగలేదు. అక్క తమ్ముడు తలుపు దగ్గరికి వేశాడు. పాట పెట్టాడు. వచ్చినాయన చివరిదాకా విన్నాడు.

"మంచిగ పాడిండ్రు. గని గీ దుబాయి సప్పుళ్ళేంది? డప్పు వెట్టరాదా? ఇంకొకటి, గొడుగుకు తెల్వదని ఊకుంటే ఎట్ల? గొడుగును ఇరగ్గొట్టుమని గూడ ఉండాలె. నేను రాసిస్త."

అక్క తల అడ్డంగా ఊపింది. "మా అవ్వ గంతే పాడింది అన్నా. ఎక్కువ పాడలె."

అతను కోపం తెచ్చుకోలేదు. నా వైపు తిరిగాడు. "నువ్వెవల బిడ్డవు?"

ఠాణాలో అడిగిన మాటే. అక్క నాకన్నా ముందే అంది: "నా చెల్లె."

అతను నా వేళ్ళ వైపు చూశాడు. బీడీలు చేసిన చేతులు తంబాకుతో పసుపురంగుకు వస్తాయి. నావి అలా లేవు. చాలాసేపు చూసి, రేడియో తీసుకున్నాడు. "పేర్లు వెయ్యకుండ్రి. ఎవలికైనా మంచిది" అని మెట్లు దిగిపోయాడు. అతని అడుగులు వినపడనంత దూరం పోయేదాకా ముగ్గురం కదల్లేదు. తర్వాత అక్కకు నవ్వొచ్చింది. ఆపుకోలేక నోట్లో కొంగు కుక్కుకుంది. నేను మాత్రం ఏడ్చాను.

పేర్లు లేకుండానే క్యాసెట్టు బయటికి పోయింది. అట్టమీద బొమ్మ కూడా లేదు. ఒకరి దగ్గర నుంచి ఒకరు నకలు తీసుకున్నారు. సిరిసిల్ల షెడ్లలో సాంచాల మధ్యనే పెట్టుకుని వింటున్నారని అక్క ఆడబిడ్డ చెప్పింది. ఏది టేపులోదో ఏది షెడ్డుదో తెలియడం లేదట. అక్క తమ్ముణ్ణి మాత్రం పోలీసులు ఠాణాకు పిలవడం మానలేదు. ఏ ఊళ్ళో ఏం జరిగినా దుకాణానికి వచ్చేవారు. చివరికి విసిగి, కీబోర్డు సంచిలో వేసుకుని మళ్ళీ దుబాయి పోయాడు. పోయే ముందు మా ఇంటి సందులో నిలబడి ఇంకొక్కసారి పాడమన్నాడు. పాడాం. ఈసారి కాళ్ళు కదపకుండా విన్నాడు. నేను డిగ్రీ ముగించి, టీచరు ఉద్యోగంలో చేరాను. బాపు గడీ అమ్మేశాడు.

ఆ పాటను నేనూ అక్కా అనుకోకుండా బయట విన్నది ఒకేసారి, రాయికల్‌లో ఆమె బంధువుల పెళ్ళిలో. పందిట్లో సౌండ్ బాక్సులు పెట్టి, సినిమా పాటల మధ్యలో దాన్ని వేశారు. ఆడవాళ్ళు కొంగులు బిగించి చుట్టూ తిరుగుతూ ఆడుతున్నారు. పాడింది మేమిద్దరమేనని అక్కడ ఎవరికీ తెలియదు. సరిగ్గా గొడుగు చరణం దగ్గర రోడ్డు మీద పోలీసు జీపు వచ్చి నెమ్మదించింది. మైకు మనిషి చూడకుండానే చెయ్యి చాపి సౌండ్ తగ్గించాడు. ఆడేవాళ్ళు ఆగారు. అక్క నా మణికట్టు గట్టిగా పట్టుకుంది. జీపు పెళ్ళి పందిరి చూసి ముందుకు కదిలింది. సౌండ్ మళ్ళీ పెరిగింది, కాళ్ళు మళ్ళీ కదిలాయి. అక్క చెయ్యి వదలకుండానే చెవి అటు పెట్టి వింది.

"సూసినవా, నీ గొంతే ఎక్కువ ఇనవడుతున్నది. నాది తగ్గిచ్చిండు మా తమ్ముడు" అంది.

"నీదే ఎక్కువున్నది అక్కా" అన్నాను.

"ఏడున్నది? మంచిగ ఇను."

బస్టాండు దాకా అదే పంచాయితీ.